గోల్డ్‌ఫించ్ కాదు.. అది మన గిజిగాడు
పసుపు పిట్టల ఆనవాళ్లు, పేర్లు, వర్గీకరణ

విజయవాడ: వర్షాకాలంలో కృష్ణా డెల్టా వరిచేల వెంట పసుపుపచ్చని తల, పొట్టి ముక్కు గల పిచ్చుకంత పిట్టలు గుంపులుగా కనిపిస్తాయి. వీటిని గోల్డ్‌ఫించ్‌లుగా పొరబడేవారున్నారు. నిజానికి ఇవి గిజిగాళ్లు. గోల్డ్‌ఫించ్ ఐరోపా, పశ్చిమాసియాల పక్షి. బూడిద రంగు తల గల దాని దగ్గరి బంధువు మన దేశంలో హిమాలయ ప్రాంతంలో ఉంటుంది. ఎర్రని ముఖం, నల్లని రెక్కపై వెడల్పైన పసుపు పట్టీ ఈ రెండింటికీ గుర్తులు. డెల్టాలోని పిట్టలకు ఈ రెండు గుర్తులూ ఉండవు.

ఆనవాళ్లు ఇవీ

గిజిగాడు: పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. సంతానోత్పత్తి కాలంలో మగపక్షి నడినెత్తి, రొమ్ము పసుపుగా, ముఖం ముదురు గోధుమ రంగులో ఉంటాయి. ఆడపక్షి ఆడ పిచ్చుకను పోలి ఉంటుంది. ఆ కాలం దాటితే మగపక్షీ అలాగే మారుతుంది. అప్పుడు లావైన ముక్కు, పొట్టి తోకే ఆధారం. తాటి, ఈత, తుమ్మ చెట్లకు వేలాడే పొడవాటి గొట్టం గూడు దీనిదే.

చారల గిజిగాడు: రొమ్ముపై నల్లని చారలే దీని ప్రధాన గుర్తు. నీటి అంచున జమ్ము, రెల్లు దుబ్బుల్లో గూడు కడుతుంది. గూటి గొట్టం పొట్టిగా ఉంటుంది.

ఎర్ర మునియా: తెలుగులో జీనువాయి. పొడవు 10 సెంటీమీటర్లే. సంతానోత్పత్తి కాలంలో మగపక్షి ఎర్రని ఒంటిపై తెల్లని చుక్కలుంటాయి.

పేర్ల వెనుక కథ

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో గోల్డ్‌ఫించ్‌ను, ఎర్ర మునియాను 'ఫ్రింజిల్లా' అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. గింజలు చిదిమే ముక్కు రెండింటికీ ఉంది. అయితే ఒకే రకం ఆహారం వల్ల వేర్వేరు వంశాల పక్షులకూ ఒకే తీరు ముక్కు ఏర్పడుతుంది. అందుకే నేటి వర్గీకరణ ముక్కుపై మాత్రమే ఆధారపడదు. గోల్డ్‌ఫించ్‌ది ఫ్రింజిల్లిడే కుటుంబం, గిజిగాడిది ప్లోసిడే, మునియాది ఎస్ట్రిల్డిడే. ఊరపిచ్చుకది మరో కుటుంబం, పాసెరిడే.

శాస్త్రీయ నామాలూ ఒక్కోసారి దారి తప్పిస్తాయి. 1766లో గిజిగాడికి 'ఫిలిప్పీన్స్‌కు చెందినది' అనే అర్థమిచ్చే పేరు పెట్టారు. నేడు ప్లోసియస్ ఫిలిప్పినస్‌గా వ్యవహరించే ఈ పక్షి సహజంగా ఆ దీవులలో లేదు. ఎర్ర మునియా శాస్త్రీయ నామమైన 'అమందవ' అహ్మదాబాద్ పేరుకు అపభ్రంశం. పంజరపు పక్షులుగా ఇవి ఒకప్పుడు ఆ నగరం నుంచే విదేశాలకు ఎగుమతి అయ్యేవి.

గుర్తింపు ఎందుకు ముఖ్యం

పెంపుడు పక్షుల దుకాణాల్లో దొరికే జీబ్రా ఫించ్ స్వస్థలం ఆస్ట్రేలియా. అది పంజరాల్లోనే పుట్టి పెరుగుతుంది. మునియాలు, గిజిగాళ్లు ఈ నేలపై స్వేచ్ఛగా బతికే పక్షులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం నేరం. మన దేశంలో అడవి మునియాలను వలలతో పట్టి, రంగులద్ది, విదేశీ ఫించ్‌లుగా అమ్మిన ఉదంతాలున్నాయి. పేరుకు మోసపోయిన కొనుగోలుదారు తెలియకుండానే ఆ వ్యాపారానికి ఊతమిచ్చినట్లవుతుంది. ముక్కు, రొమ్ము, తోక చూసి పిట్టను పోల్చుకోగలిగితే ఆ మోసం సాగదు.