నిప్పుల మీద పంది మాంసం, పసుపు, పల్లీలు

పంది మాంసాన్ని సన్నగా కోసి, పసుపు పట్టించి, పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాల్చి, పల్లీల పచ్చడిలో అద్దుకుని తినే వంటకం పంది సాతే. దాని ఇల్లు ఆగ్నేయాసియా. తెలంగాణలో నిజామాబాద్ దగ్గరి ఆర్మూర్ వంటిళ్లలో ఇది కనిపించదు. కానీ దానికి రంగునిచ్చే పసుపే ఆర్మూర్ రైతుల బతుకుదెరువు. ఆ ఊరి పేరుతోనే ఒక పసుపు రకం ఉంది. పంది మాంసాన్ని నిప్పుల మీద కాల్చడం కూడా ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు (1127-1138) సంస్కృతంలో రాయించిన మానసోల్లాసంలో అన్నభోగం అనే అధ్యాయం ఉంది. నేటి తెలంగాణలో చాలా భాగం అప్పుడు ఆ రాజ్యంలోదే. పంది వెంట్రుకలు తీయడానికి ఆ గ్రంథం రెండు దారులు చెబుతుంది: పైన తెల్లటి గుడ్డ కప్పి మరిగే నీళ్లు పోయడం, లేదా ఒళ్లంతా మట్టి పూసి గడ్డిమంటతో కాల్చడం. తరువాత మాంసాన్ని నిప్పుల మీద కాల్చి ముక్కలు చేస్తారు. మాంసం ముక్కలకు తూట్లు పొడిచి, మసాలా కూరి, చువ్వకు గుచ్చి కాల్చేది మరొక వంట. కారానికి మిరియాలు, అల్లం, వాసనకు ఇంగువ. మిరపకాయ, పల్లీ రెండూ అమెరికా ఖండాలవి కాబట్టి రాజుగారి పళ్లెంలో వాటికి చోటు లేదు.

తరువాతి శతాబ్దాల్లో దక్కను పట్టణాల్లో చువ్వ మేకకు, గొర్రెకు దక్కింది. సుల్తానుల కాలం నుంచి నిజాం పాలన దాకా కబాబ్ అంటే అదే. పందుల పెంపకం ఎక్కువగా ఎరుకల వంటి సముదాయాల చేతుల్లో మిగిలింది, ఆ మాంసం హోటళ్ల పట్టీలోకి రాలేదు.

చువ్వ కబాబ్ భారత, అరబ్బు వర్తకులతో జావా చేరి సాతే అయిందని చాలామంది అంటారు. అది కొంతవరకే నమ్మదగింది. మాంసాన్ని పుల్లకు గుచ్చడం ఎవరో నేర్పితేనే వచ్చే విద్య కాదు. ఏమైనా 19వ శతాబ్దానికి జావా వీధుల్లో సాతే బాగా పాతుకుపోయింది. పచ్చడికి ఆధారమైన పల్లీ దక్షిణ అమెరికా పంట. స్పానిష్, పోర్చుగీసు ఓడలు 16వ శతాబ్దం నుంచి దాన్ని ఆసియాకు తెచ్చాయి.

ముస్లింలు ఎక్కువున్న జావాలో కోడి, మేక వాడితే, హిందువుల బాలిలో పంది సాతే నిలిచింది. సింగపూర్‌లో హైనాన్ నుంచి వచ్చిన చైనీయులు, థాయ్‌లాండ్‌లో బ్యాంకాక్ వీధి వర్తకులు పంది మాంసాన్నే ఎంచుకున్నారు. హైనాన్ పద్ధతిలో ముక్కల నడుమ ఒక కొవ్వు ముక్క గుచ్చుతారు. అది కరిగి మిగతా ముక్కలను ఎండనివ్వదు. థాయ్ సాతేకు పసుపు, ధనియాలు, కొబ్బరిపాలు పట్టిస్తారు. పుల్ల మొదట్లో కొబ్బరి ఈనె, ఇప్పుడు వెదురు. నలగ్గొట్టిన నిమ్మగడ్డి కాడే కుంచె, దానితో కాలుతున్న ముక్కలకు నూనె రాస్తారు. పచ్చడికి వేయించిన పల్లీలు దంచి మిరపకాయ, చింతపండు, బెల్లంతో ఉడికిస్తారు. మన పల్లీ చట్నీకి అలవాటుపడిన నాలుకకు ఆ తీపి కాస్త ఎక్కువే అనిపిస్తుంది. పాతకాలపు సింగపూర్ వర్తకుడు కావడికి ఒకవైపు పొయ్యి, మరోవైపు సరుకు కట్టుకుని తిరిగేవాడు. తిన్నాక మిగిలిన పుల్లలు లెక్కపెట్టి డబ్బు తీసుకునేవాడు.

ఆ సాతేలో ఆర్మూర్ పసుపు ఉందని చెప్పలేం, జావా, బాలి ఉన్న ఇండోనేషియా తన పసుపు తానే పండించుకుంటుంది. ఆర్మూర్‌లో జూన్‌లో విత్తిన పంట తవ్వకానికి రావడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. దుంపలను ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ముల్లో తిప్పి పొట్టు రాలుస్తారు. బజారులో కాడి (పసుపు కొమ్ము), గోళ (గుండ్రటి దుంప) వేరువేరు ధరలకు పోతాయి. గిట్టుబాటు కోసం రైతులు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా బండ్లు తోలుకెళ్లేవారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో పోటీపడిన 185 మందిలో 178 మంది రైతులే. పసుపు బోర్డు వారి ముఖ్యమైన కోరిక. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది.

ఆర్మూర్ పక్కనే ఉన్న అంకాపూర్‌కు పేరు తెచ్చిన మాంసం నాటుకోడి కూర. తెలంగాణ పల్లెల్లో ఈకలు తీసిన నాటుకోడికి ఇప్పటికీ పసుపు పూసి, ముక్కలు కొట్టే ముందు మంట మీద కాలుస్తారు.