తొర్రూరు సీమ: ఏరులు, చెరువులు, జిల్లా



మన మహబూబాబాద్ జిల్లా వయస్సులో చిన్నది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో ఒక్క దినముననే 21 క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇదియు ఏర్పడినది. తొర్రూరు రెవెన్యూ డివిజన్ అయినది. కాని ఈ సీమ ఆ నాటిది కాదు. దీనిని నిలిపినవి కోటలు కావు, ఏరులు, చెరువులు అని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆకేరు వర్ధన్నపేట వైపు నుండి వచ్చి, నెల్లికుదురు, మరిపెడ ప్రాంతములను తడుపుచు, తీర్థాల యొద్ద మున్నేరులో కలియును. పాలేరు దక్షిణపు దారిని పోవును. అన్నియు తుదకు కృష్ణలోనికే. వేసవిలో ఇసుక, వానకాలములో వరద! ఇట్టి ఏరులను మాత్రమే నమ్మినచో సేద్యము సాగదు. కనుక మన పూర్వికులు కట్టలు పోసి వాననీటిని నిలిపిరి.

కురవి పదవ శతాబ్దమునకే పేరుగల స్థలము. ముదిగొండ చాళుక్యుల నాటి కొరవి శాసనము తొలి తెలుగు వచన శాసనములలో ఒకటి. పదమూడవ శతాబ్దములో కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారములో ధర్మకీర్తి సముద్రమును త్రవ్వించెను. అచ్చటి శాసనమే కాకతీయుల వంశక్రమమును మనకు తెలిపినది. ఒక రాజవంశపు కథ చెరువు గట్టున దొరకుట గమనింపదగిన విషయము.

నిజాం కాలమున రైలు వచ్చినది. సింగరేణి బొగ్గు కొరకు వేసిన మార్గము వలన దోర్నకల్ జంక్షన్ అయినది. 1912లో అజరయ్య గారు దోర్నకల్ అధ్యక్ష ఖండమునకు మొదటి బిషప్పుగా అభిషేకింపబడిరి. చిన్న పల్లె పేరు ఆ విధముగా దూరదేశములకు తెలిసినది.

తరువాత సరిహద్దు గీతలు పలుమార్లు మారినవి. 1953లో వరంగల్లు నుండి ఖమ్మం వేరుపడినది. 2016లో ఖమ్మము వైపున్న గార్ల, బయ్యారం మన జిల్లాలో చేరినవి. అప్పుడే ఒక్క పాలకుర్తి నియోజకవర్గపు మండలములు మూడు జిల్లాల పాలైనవి: తొర్రూరు, పెద్దవంగర ఇటు, పాలకుర్తి, కొడకండ్ల, దేవరుప్పుల జనగామకు, రాయపర్తి వరంగల్లుకు. వియ్యపు వారి కచేరి ఒకటి, మన కచేరి వేరొకటి అయినది. రాకపోకలు మాత్రము ఆగలేదు.

నీరు ఈ గీతలను ఎరుగదు. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మరిపెడ మండలములోని సీతారాం తండాను ముంచెత్తినది. కేసముద్రం, ఇంటికన్నె నడుమ రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. పై జిల్లాలో వాన కురిసిన, క్రింది జిల్లాలో ఇల్లు మునుగును. కనుక ఎగువ వారి కట్ట దిగువ వారికి కాపుదల.

కావున మనవి ఏమనగా, ప్రతి సంఘములోని పెద్దలు తమ ఊరి చెరువు పేరు, దాని తూము, అలుగు, నీరు పారు దారి యువకులకు చూపించవలెను. అలుగు వాగు పూడిపోకుండ, ఆక్రమింపబడకుండ ఊరివారితో కలసి నిలువవలెను. జిల్లాను స్థాపించుటకు ఒక ఉత్తరువు చాలినది. సీమను నిలుపుటకు తరతరముల చేతులు కావలెను.