విశాఖ శివారు పేటల చరిత్రకు ఆనవాళ్లు – పాత చర్చిలు

ఉత్తరాన గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం మొదలు దక్షిణాన అచ్యుతాపురం మండలంలోని పూడిమడక వరకు సాగే తీరప్రాంతం పరిశ్రమలతోను, నివాస కాలనీలతోను శరవేగంగా రూపు మార్చుకొంటున్నది. అచ్యుతాపురం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరగా, భీమునిపట్నం 2013లో మహా విశాఖ నగరపాలక సంస్థలో విలీనమైనది. ఈ మార్పుల నడుమ ఒకప్పటి విశాఖపట్నం కోట కనుమరుగైనది. నాటి జనావాసాలు ఎక్కడ మొదలై ఎటు విస్తరించాయో తెలుసుకొనుటకు పాత చర్చిలు, వాటికి చేరువలోని శ్మశానవాటికలు నేటికీ ప్రధాన ఆధారాలుగా నిలిచి ఉన్నాయి.

పాత నగరం

ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్ది చివరి భాగంలో విశాఖపట్నంలో వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. దాని చుట్టూ ఏర్పడిన పేటలే నేటి పాత నగరం. సోల్జర్‌పేట అనే పేరే అక్కడి సైనిక నివాసాలను గుర్తుచేస్తుంది. సెయింట్ జాన్స్ చర్చి ఈ పాత నగరానికి చెందినదే.

తెలుగు సాహిత్య చరిత్రలోనూ ఈ ప్రాంతానికి స్థానం ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరి, ఆనందరాయర్ సహాయంతో బైబిలు అనువాదానికి పూనుకొన్నారు. క్రాన్ 1809లోను, డె గ్రాంజ్ 1810లోను మరణించారు. వారు సిద్ధపరచిన మూడు సువార్తలు 1812లో సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. అనంతరం ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడినది.

ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కేథలిక్ గురువులు ఆల్ప్స్ పర్వతప్రాంతంలోని అన్నెసీ నుండి 1846లో ఇచ్చటికి వచ్చారు. మరుసటి సంవత్సరమే సెయింట్ అలోషియస్ పాఠశాల ప్రారంభమైనది. విశాఖపట్నం 1886లో మేత్రాసనంగాను, 2001లో అగ్రపీఠంగాను రూపొందినది.

రేవు పక్కనే ఉన్న రాస్ కొండకు, 1864లో అక్కడ ఇల్లు కట్టించుకొన్న రాస్ పేరు స్థిరపడినది. ఆ ఇల్లే తదుపరి కాలంలో ప్రార్థనాలయమైనది. కొండగుడిగా ప్రసిద్ధి చెందిన ఈ మేరీమాత ఆలయంలో ఏటా డిసెంబరు 8న ఉత్సవం జరుగుతుంది. పక్క కొండలపై దర్గా, వేంకటేశ్వరస్వామి ఆలయం వెలసి ఉండుట విశేషం.

వాల్తేరు, భీమునిపట్నం

19వ శతాబ్దిలో యూరోపియన్ అధికారులు ఇరుకైన కోట ప్రాంతాన్ని వదలి, ఎత్తుగా, గాలి వెలుతురు కలిగిన వాల్తేరుకు నివాసాలు మార్చుకొన్నారు. వాల్తేరు అప్‌లాండ్స్‌లోని సెయింట్ పాల్స్ చర్చి ఈ తరలింపునకు సాక్ష్యం. బెజవాడలో 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో వాల్తేరుకు తరలివచ్చిన పిమ్మట ఈ శివారు విద్యాకేంద్రంగా మారినది.

విశాఖకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని భీమునిపట్నం డచ్చి వర్తకుల రేవు. 1824 నాటి ఒప్పందం మేరకు మరుసటి ఏడాది ఇది ఆంగ్లేయుల పాలనలోకి వచ్చినది. డచ్చి సమాధులు తొలి దశకు, 1864లో ఆరాధనకు తెరచిన సెయింట్ పీటర్స్ చర్చి మలి దశకు ఆనవాళ్లు. 1861లోనే ఇక్కడ పురపాలక సంఘం ఏర్పడినది.

పరిరక్షణ ఆవశ్యకత

సెయింట్ జాన్స్, సెయింట్ పాల్స్, సెయింట్ పీటర్స్ చర్చిలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినవి. రాస్ కొండ ఆలయం కేథలిక్ సంఘానిది. వార్తా రచనలో ఈ భేదాన్ని గమనించుట అవసరం. ఇవి కేవలం పురాతన కట్టడాలు కావు, నేటికీ ఆరాధన జరుగుతున్న మందిరాలు. కనుక మరమ్మతులు చేపట్టునపుడు సంఘస్థుల అవసరాలను, కట్టడపు పూర్వరూపాన్ని సమంగా పరిగణించవలసి ఉంటుంది.

సముద్రపు ఉప్పుగాలి సున్నపు గోడలను, కలపను, ఇనుమును నిరంతరం దెబ్బతీస్తుంది. 2014 అక్టోబరు 12న తీరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుపానుల ముప్పు ఉండనే ఉన్నది. గోడ కూలితే తిరిగి కట్టుకొనవచ్చును గాని, సమాధి ఫలకంపై చెరిగిన అక్షరాన్ని తిరిగి తెచ్చుకొనలేము. ఫలకాల పాఠాలను, సంఘాల జ్ఞానస్నాన, వివాహ, మరణ నమోదు పుస్తకాలను ముందుగా ఛాయాచిత్రాల రూపంలో భద్రపరచుట స్వల్ప వ్యయంతో సాధ్యమయ్యే పని. రహదారుల విస్తరణ, కొత్త కాలనీల ప్రణాళికలు రూపొందించు దశలోనే ఈ స్థలాలను పటాలలో గుర్తించినచో, శివారు పేటల చరిత్ర ముందు తరాలకు అందుతుంది.