చేదును కోరి తెచ్చుకున్న ఊరు

బొహీమియాలోని పిల్సెన్ పట్టణంలో 1838లో 36 పీపాల బీరును టౌన్‌హాలు ముందు నేలపాలు చేశారు. పులిసి పాడైన సరుకది. ఆ ఊళ్ళో 1295 నుంచీ బీరు కాచే హక్కు సొంత ఇళ్ళున్న పౌరులది. ఎవరి బీరు వాళ్ళు కాచుకుని అమ్ముకునేవారు. ఒకరిది బాగుంటే పక్కవారిది నోట పెట్టలేనట్టుండేది. చివరికి హక్కుదారులంతా కలిసి ఉమ్మడి కార్ఖానా కట్టుకున్నారు. లేత బంగారు రంగుతో, మచ్చలేని రుచితో, హాప్స్ చేదు ముందు నిలిచే పిల్స్ అనే లాగర్ బీరు అక్కడే పుట్టింది. ఇంటి కాపుతో విసిగిపోయి కనిపెట్టిన ఆ బీరే, ఇవాళ ఇంట్లో కాచుకునేవారికి అన్నిటికన్నా గట్టి పరీక్ష. ఆ మధ్యలో ఏం జరిగిందన్నదే ఈ కథ.

కార్ఖానా కట్టిన మార్టిన్ స్టెల్జర్ ముందుగా బవేరియా వెళ్ళి అక్కడి పద్ధతులు చూసొచ్చాడు. కాచడానికి కూడా బవేరియా మనిషినే పిలిపించారు. పేరు జోసెఫ్ గ్రోల్. ముప్పై ఏళ్ళు నిండలేదు, మాట మాత్రం మహా కటువని చెబుతారు. 1842 అక్టోబరు 5న తొలి కాపు కాచాడు. నవంబరు 11న, సెయింట్ మార్టిన్ సంబరంలో, ఊరు రుచి చూసింది. ముదురు రంగు బీర్లకు అలవాటుపడ్డ కళ్ళకు గ్లాసులో అవతలి వైపు కనిపించే బీరు వింతే. మూడేళ్ళ ఒప్పందం ముగిశాక గ్రోల్ సొంతూరికి వెళ్ళిపోయాడు. బీరు ఊళ్ళో ఉండిపోయింది.

అతను తెచ్చింది చల్లదనంలో పనిచేసి పాత్ర అడుగుకు దిగే బవేరియా ఈస్ట్. మాల్ట్ రంగు మాత్రం ఇంగ్లండు చలవ. మొలకెత్తిన బార్లీని కట్టెల పొగ తగలకుండా వేడిగాలితో ఆరబెట్టడం ఇంగ్లీషువాళ్ళు నేర్చారు. మ్యూనిక్‌కు చెందిన గాబ్రియెల్ సెడల్మయర్, వియన్నా దగ్గరి ఆంటన్ డ్రెహర్ 1833లో ఆ దేశం తిరుగుతూ, బోలు చేతికర్రల్లో అక్కడి బీరు నమూనాలు దొంగచాటుగా నింపుకొచ్చారు. ఆ విద్య మధ్య యూరప్‌కు పాకాకే లేత రంగు మాల్ట్ సాధ్యమైంది.

ఇక బీరుకు చేదునిచ్చే హాప్స్. పిల్సెన్‌కు ఉత్తరాన జాటెట్స్ ప్రాంతంలో పండే సాజ్ రకమిది. ఎండిన హాప్ కాయను నిలువునా చీలిస్తే రేకుల మొదట్లో పసుపుపచ్చని పుప్పొడిలాంటి జిగురు కనిపిస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే అంటుకుంటుంది, ఎండుగడ్డీ మిరియాలూ కలిసినట్టు వాసనేస్తుంది. చేదంతా అందులోని ఆల్ఫా ఆమ్లాలది. చల్లటి నీళ్ళలో అవి సరిగా కరగవు. గంటసేపు మరిగితేనే రూపు మారి చేదుగా కరుగుతాయి. వాసననిచ్చే నూనెలు మాత్రం అదే మరుగుకు ఆవిరైపోతాయి. చేదుకు మొదట్లో, వాసనకు చివర్లో హాప్స్ వేయడం అందుకే. సాజ్‌లో ఆల్ఫా ఆమ్లాలు 3-4 శాతమే కాబట్టి చేదు కావాలంటే దండిగా వేయాలి. అలా వేసినా గొంతు పట్టదు.

గొంతు పట్టకపోవడంలో సగం పుణ్యం నీళ్ళది. పిల్సెన్ నీళ్ళు చాలా మెత్తనివి, లవణాలు దాదాపు లేవు. సున్నపు నీళ్ళలో కాస్తే రంగు ముదురుతుంది, చేదు మొరటుగా అంటుకుంటుంది. ఇదే హాప్స్ మోతాదు మ్యూనిక్ నీళ్ళలో వేసుంటే ఈ బీరు వచ్చేది కాదు. నా దృష్టిలో గ్రోల్ కన్నా ఆ ఊరి బావులకే ఎక్కువ ఘనత దక్కాలి.

లాగర్‌కు కావాల్సినది, ఇళ్ళలో లేనిది చల్లదనం. పిల్సెన్ కార్ఖానా కింద కిలోమీటర్ల పొడవున సొరంగాలు తవ్వి, మంచు నింపి, బీరును వారాల తరబడి పండబెట్టేవారు. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండె శీతల యంత్రం వచ్చింది. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ లాగర్ ఈస్ట్‌ను విడదీసి శుద్ధంగా పెంచాడు. ఆ తర్వాత లేత లాగర్ ఎక్కడైనా కాచే వీలు కలిగింది. పెద్ద కంపెనీల చేతిలో చేదు మాత్రం క్రమంగా పలచబడింది.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి అనుమతించే చట్టంపై 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. (మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజు నేరమే.) మొదట్లో అమెరికా గరాజుల్లో ఎక్కువగా ఏల్ రకం బీరు కాచేవారు, దానికి గది వేడి చాలు. లాగర్‌కు వేడి అదుపు చేసే మీట తగిలించిన పాత ఫ్రిజ్ కావాలి.

ఫ్రిజ్ ఉన్నవారికి వంటకం చిన్నదే. 20 లీటర్లకు 4 కిలోల పిల్స్ మాల్ట్. మెత్తని నీళ్ళు లేకపోతే ఆర్‌ఓ నీళ్ళు కలపాలి. 65 డిగ్రీల దగ్గర గంటసేపు నానబెట్టి తీపి రసం వడకట్టి, గంటన్నర మరిగించాలి. పిల్స్ మాల్ట్‌లోంచి వచ్చే ఉడికిన మొక్కజొన్న వాసన ఆవిరిలో పోవాలి మరి. మరుగు గంట మిగిలుండగా 60 గ్రాముల సాజ్, ఇరవై నిమిషాలుండగా మరో 40. పొయ్యి ఆర్పి కాస్త చల్లారాక ఇంకో 40. తర్వాత త్వరగా చల్లార్చి, 10 డిగ్రీల దగ్గర ఈస్ట్ కలపాలి. ఏల్‌కు వేసేదానికి రెట్టింపు పడుతుంది, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. పులియడం చివరికొచ్చాక వెన్న వాసన పోవడానికి రెండు మూడు రోజులు 16 డిగ్రీలకు పెంచి, ఆపై సున్నా దగ్గరికి దించి నెల ఉంచాలి.

ఇది గ్రోల్ బాట. దీనికి కొత్త మలుపు ఇచ్చింది ఇటలీ. కోమో సరస్సు ప్రాంతంలో బిర్రిఫిచ్చో ఇతాలియానో పెట్టిన అగోస్తినో అరియోలి 1996లో తిపోపిల్స్ కాచాడు. ఇంగ్లీషువాళ్ళు పీపాలోని ఏల్‌లో మరిగించని హాప్స్ వేసే పద్ధతిని పిల్స్‌కు పట్టించాడు. వేడి తగలకపోవడంతో నూనెలు నిలిచాయి, చేదు పెద్దగా పెరగకుండానే వాసన పెరిగింది. కాలిఫోర్నియాలో ఫైర్‌స్టోన్ వాకర్ కాచే పివో పిల్స్‌కు స్ఫూర్తి తిపోపిల్సే.

ఇంట్లో కాచేవారికి ఈ పద్ధతితో ఒక చిక్కుంది. నెల పండితేగానీ లాగర్ నునుపుదేరదు. ఆ నెలలోనే హాప్స్ వాసన సగం చచ్చిపోతుంది. పులియడం పూర్తికాకముందే హాప్స్ వేసేవారున్నారు, మిగిలిన ఈస్ట్ ప్రాణవాయువును తినేస్తుందని వారి ధీమా. బీరు పూర్తిగా పండాకే లీటరుకు 3 గ్రాముల చొప్పున వేసి, మూడు రోజుల్లో తీసేయడమే మేలని నేనంటాను. మూత తీసినప్పుడు గాలి చొరబడకుండా కార్బన్ డయాక్సైడ్ నింపాలి. ఆ తర్వాత దాచడం మానేసి రెండు నెలల్లోపు తాగేయాలి.