సుగ్గికి పోయినోళ్ళ లెక్క

"నా మొగుని పేరు నేనెట్ల చెప్పేది టీచరమ్మా? నువ్వే రాసుకో."

1991 ఫిబ్రవరి. పత్తికొండ పక్క పల్లె. బడి వదిలాక ఎండలో నడిచొచ్చి, ఎర్రమన్నుతో నంబరు వేసిన గుడిసె ముందు కూర్చున్నాను. ఒళ్ళో చీటీల కట్ట. అప్పట్లో మనిషికొక చీటీ. ఆ అవ్వకు అరవై దాటి ఉంటాయి. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది, అయినా పేరు నోట రాదు. చివరికి పక్కింటి పిల్లోణ్ణి కేకేసింది. వాడు తాత పేరు చెబుతున్నంతసేపూ మొహం అటు తిప్పుకుంది, విననట్టే.

అది మా పల్లెల చాదస్తమనుకున్నాను. చాలా ఏళ్ళకు 1948 జనగణన చట్టం చేతికొచ్చింది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందేనని అందులో ఎనిమిదో సెక్షన్ అంటుంది. వెంటనే ఒక మినహాయింపు కూడా పెడుతుంది: ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు, భర్త పేరు గానీ, చనిపోయిన భర్త పేరు గానీ, ఆచారం ప్రకారం పలకకూడని మరెవరి పేరు గానీ చెప్పమని ఏ స్త్రీనీ ఒత్తిడి చేయకూడదు. ఇంకాస్త ముందుకు పోతే పదిహేనో సెక్షన్. ఇక్కడ రాసుకున్నది ఎవరూ తెరిచి చూడకూడదు, కోర్టులో సాక్ష్యంగా పనికిరాదు. శిక్షల సంగతి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఈ రెండు సెక్షన్లే ఆ చట్టానికి ప్రాణం అనిపిస్తాయి. మనిషి నమ్మితేనే గదా నిజం చెప్పేది.

పేరు తర్వాత వయసు. అది ఇంకో కథ. "నలభయ్యో, యాభయ్యో, రాసుకో పో" అంటారు. అట్లా రాసుకుంటూ పోతే ఊళ్ళో అందరివీ సున్నాతోనో అయిదుతోనో ముగిసే వయసులే అవుతాయి. అందుకని మాకు తెలిసిన సంగతులు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చేవాళ్ళం. కర్నూలు రాజధాని అయిన ఏడు నువ్వు నడుస్తున్నావా, పాకుతున్నావా? అంటే 1953 అన్నమాట. కృష్ణ పుష్కరాలకు పెద్దోడు పుట్టినాడా? అయితే 1968 ముందా వెనకా? 2011లో చంటిపిల్లల వయసుకు కర్నూలు వరద పనికొచ్చింది. "వరదొచ్చినప్పుడు కడుపులో ఉండె" అంటే 2009 అక్టోబరు తర్వాత పుట్టిన బిడ్డ. ఒక్కో ఇంటికి పది నిమిషాలని ట్రైనింగులో చెప్పారు. వయసు దగ్గరే ఇరవై నిమిషాలు పోయేవి.

ఈ పని మా ఇంట్లో నాతో మొదలు కాలేదు. మా తాత కరణం. జనాభా లెక్కలను ఆయన ఖానేషుమారీ అనేవాడు. 1931 ఫిబ్రవరి 26 రాత్రి ఊరంతా ఆయనే లెక్కపెట్టాడు. అప్పుడు పద్ధతి వేరు. వారాల ముందే ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకునేవాళ్ళు. నిర్ణయించిన రాత్రి దేశమంతటా ఒకేసారి బయల్దేరి, ఆ పూట ఎవరున్నారో ఎవరు లేరో సరిచూసేవాళ్ళు. పున్నమికి ఇంకా ఐదారు రోజులుంది కాబట్టి రాత్రి సగం దాకా వెన్నెల ఉంటుంది. వెన్నెల ఉండాలి, పెద్ద తిరునాళ్ళు ఉండకూడదు, ఇట్లా చూసి తేదీ పెట్టేవాళ్ళు. తాత చేతిలో లాంతరు, పక్కన తలారి. జీతం లేదు. తెల్లదొరల లెక్కలు అంత చౌకగా తెమిలాయంటే కారణం అదే. కరణాలు, పంతుళ్ళు, పటేళ్ళు లక్షల మంది ఊరికే చేశారు. ఆ ఏడు కమిషనర్ జె. హెచ్. హట్టన్.

పైగా అది సత్యాగ్రహాల కాలం. జనవరి 11న సెన్సస్ ఆదివారం పాటించమనీ, లెక్కలను బహిష్కరించమనీ కాంగ్రెస్ పిలుపునిచ్చింది. మా ఊళ్ళో కుర్రవాళ్ళు రాత్రి పూట ఇంటి నంబర్లు చెరిపేసేవాళ్ళట, పొద్దున్నే తాత మళ్ళీ వేయించేవాడట. "నేను సర్కారు కోసం రాయలేదు, ఊరికోసం రాసినా" అనేవాడు చివరిదాకా. అందులో నిజమెంతో నాకు తెలియదు, కరణం మాట గదా. ఆ లాంతరు వెలుగులో రాసిన కులం లెక్కే దేశంలో పూర్తిగా వేసిన చివరి కులం లెక్క అయింది. 1980లో మండల్ కమిషన్ వెనకబడిన కులాల జనాభాను అంచనా వేయడానికి ఆ 1931 పట్టికల దగ్గరికే పోవాల్సి వచ్చింది.

తాత ఊరికోసమని ఎందుకన్నాడో అర్థం కావాలంటే ధాతు కరువు దాకా పోవాలి.

1871లో మద్రాసు రాజధాని అంతటా మొదటిసారి పద్ధతిగా లెక్క తీశారు. రిపోర్టు రాసింది డాక్టర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్, అక్కడి శానిటరీ కమిషనర్. సుమారు 3 కోట్ల 12 లక్షల మంది తేలారు. పన్ను వేస్తారనీ, పట్టుకుపోతారనీ పుకార్లు అన్నిచోట్లా ఉన్నవే. అయిదేళ్ళు తిరగకముందే ధాతు నామ సంవత్సరం వచ్చింది, వానలు పోయాయి. 1876 నుంచి 78 దాకా కరువు. కరువు పనికొచ్చిన మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని, కరువు చూడ్డానికి సర్కారు పంపిన దొర రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. అంతతో కష్టం చేసే మనిషి బతకడని ఎదురు తిరిగింది ఈ కార్నిషే. జనాన్ని లెక్కపెట్టినవాడే వాళ్ళ తిండి లెక్క కూడా అడిగాడు. 1881లో దేశమంతా ఒకేసారి లెక్కపెడితే మద్రాసు రాజధానిలో 3 కోట్ల 8 లక్షల చిల్లరే మిగిలారు. పదేళ్ళలో పెరగాల్సిన జనం తగ్గారు. మా కర్నూలు జిల్లాలో తగ్గుదల సుమారు నాలుగోవంతు. అంతమందీ చచ్చిపోయారని కాదు, వలస పోయినవాళ్ళున్నారు, అసలు పుట్టనే పుట్టనివాళ్ళున్నారు. కానీ 1871 కాగితం లేకపోతే 1881 కాగితానికి నోరుండేది కాదు. ఎంతమంది పోయారని అడిగితే "కొంతమంది" అని ఊరుకునేవాళ్ళు. రెండు లెక్కలుంటేనే మధ్యలో పోయినవాళ్ళు కనబడతారు.

డబ్బు సంగతికొస్తే, 1941 కథ చెప్పాలి. యుద్ధం నడుస్తోంది. కమిషనర్ ఎం. డబ్ల్యు. ఎం. యీట్స్. ఇల్లిల్లూ తిరగడం జరిగింది, జనం లెక్క తేలింది. కానీ చీటీలను విడదీసి, రకరకాల పట్టికలు వేసే పనిని చాలామటుకు ఆపేశారు. దేశమంతటికీ కులం పట్టిక అనవసరపు ఖర్చని యీట్స్ తేల్చేశాడు. ఇందులో ఒక తమాషా ఉంది. తిరిగేవాడు ఊరికే దొరికాడు. కూర్చుని కూడికలు వేసే గుమాస్తాకు మాత్రం జీతమివ్వాలి. కాబట్టి కోత అక్కడ పడింది. జనం చెప్పిందంతా చీటీల్లోనే ఉండిపోయింది. అదే 1941లో పంజాబులో, బెంగాలులో ఇంకో తెగులు పట్టుకుంది. హిందువులూ ముస్లింలూ పోటీపడి తలలు ఎక్కువ రాయించుకున్నారు. తల లెక్కకు సీట్ల లెక్క ముడిపడితే ఇంట్లో లేనివాళ్ళు కూడా పుట్టుకొస్తారు.

ఆ తెగులు స్వతంత్రం వచ్చాక పోయిందనుకోవద్దు. నాగాలాండులో 1991 నుంచి 2001కి జనాభా 64 శాతానికి పైగా పెరిగింది. అంత పెరుగుదల ఎక్కడా లేదు. ఆ లెక్కను అక్కడి ముఖ్యమంత్రి నెయ్‌ఫ్యూ రియోనే ఒప్పుకోలేదు. 2011లో జాగ్రత్తగా తీస్తే పెరగకపోగా తగ్గింది, 19 లక్షల 90 వేల నుంచి 19 లక్షల 79 వేలకు. మణిపూర్‌లో సేనాపతి జిల్లాలోని మూడు సబ్ డివిజన్ల 2001 లెక్కలను ఏకంగా పక్కన పెట్టేశారు.

మా వైపు బాధ దానికి తలకిందులు. ఎక్కువ రాయించుకోవడం కాదు, అసలు రాయించుకోకుండానే పోవడం.

ఫిబ్రవరి వస్తే మా పత్తికొండ, ఆస్పరి, కోసిగి వైపు పల్లెలు సగం ఖాళీ. గుంటూరు జిల్లాలో మిరపకోతలు, పత్తి ఏరివేతలు. దాన్నే మేము సుగ్గికి పోవడమంటాం. పిల్లాజెల్లా, బియ్యం మూట, వంట గిన్నెలు అన్నీ లారీల్లో ఎక్కించుకుని పోతారు. మా బడిలో హాజరు పట్టీ చూస్తేనే తెలిసేది, ఏ వాడ పోయిందో. ప్రభుత్వం జనాన్ని లెక్కపెట్టేదీ ఫిబ్రవరి 9 నుంచి 28 లోపలే. ఆ ఇరవై రోజుల్లో ఒక్కరోజైనా ఊళ్ళో ఉంటే ఊళ్ళో రాయాలి. మొత్తం లేకపోతే ఎక్కడ దొరికితే అక్కడ. కాగితం మీద చక్కగా ఉంది. గుంటూరు చేను గట్టున పట్టా కప్పిన గుడారం దగ్గరికి అక్కడి టీచరు పోతే కదా! పోయినా, "మాది కర్నూలు జిల్లా" అంటారు. "అయితే అక్కడ రాసుకుంటార్లే" అని ఆయన వెనక్కి తిరుగుతాడు. ఇక్కడ నేను తాళం చూసి "గుంటూరులో రాసుకుంటార్లే" అనుకుంటాను. ఇద్దరమూ అబద్ధం ఆడలేదు, ఇద్దరి లెక్కలోనూ వాళ్ళు లేరు.

తప్పిపోయినవాళ్ళెంతమందో కూడా సర్కారే మళ్ళీ కొన్ని బ్లాకుల్లో తిరిగి చూస్తుంది. 1951 నుంచీ ఆ ఆనవాయితీ ఉంది. అప్పుడు వెయ్యికి 11 మంది. 2001లోనూ 2011లోనూ వెయ్యికి 23 మంది. వినడానికి చిన్నదే. 121 కోట్ల మీద వేసి చూడండి, రెండున్నర కోట్లు దాటుతుంది. కంప్యూటర్లు వచ్చాయి. 2001 నుంచి ఫారాలను యంత్రం చదివింది, దానికోసం గడి దాటకుండా, మడత పెట్టకుండా అంకెలు వేయాలని మా ప్రాణం తీశారు. తప్పిపోయేవాళ్ళు మాత్రం తగ్గలేదు. తాళం వేసిన ఇంటికి మూడోసారి పోవడం యంత్రం పని కాదు. మనిషి పోవాలి, దానికి పూట కావాలి, ఆ పూటకు డబ్బు కావాలి. 2011లో దేశం మొత్తం మీద ఖర్చు సుమారు 2,200 కోట్లు, తిరిగినవాళ్ళు సుమారు 27 లక్షలు. తలకు 18 రూపాయలు పడిందని చెప్పుకున్నారు. చౌక అని గొప్పగా చెప్పుకుంటారు గానీ, నా 2001 డ్యూటీ డబ్బు చేతికొచ్చేసరికి పరీక్షలయ్యాయి, వేసవి సెలవులయ్యాయి, బడి మళ్ళీ తెరిచారు. తాత కంటే నయమే లెండి.

అడిగే ప్రశ్న మారితే లెక్క ఎట్లా మారుతుందో కూడా నేను కళ్ళారా చూశాను. "ఏం పని చేస్తావమ్మా?" అంటే "ఏమీ లేదు, ఇంట్లోనే" అనేవాళ్ళు, చేతికి కలుపు మన్ను ఉండగానే. 1991లో ప్రశ్నలోనే, సొంత చేలో కూలి లేకుండా చేసే పని కూడా పనే అని చేర్చారు. "మీ చేలో కలుపు తీస్తావా?" అని విడదీసి అడిగితే "తీయక ఎవురు తీస్తారు!" అని నవ్వేవాళ్ళు. అట్లా అడగడానికి ఇంటికి ఇంకో అయిదు నిమిషాలు.

2021 లెక్కకు 2019 డిసెంబరులో కేబినెట్ 8,754 కోట్లు ఒప్పుకుంది. కరోనా వచ్చింది, ఆగింది. కరోనా తగ్గాక కూడా ఆగింది. 1881 నుంచి యుద్ధంలో కూడా తప్పని పదేళ్ళ వరస తప్పింది. ఆహార భద్రత చట్టం కింద పల్లెల్లో 75 శాతానికి, పట్నాల్లో 50 శాతానికి బియ్యం ఇవ్వాలి. ఆ శాతాలు 2011 జనాభా మీదే వేసినవి, మొత్తం 81 కోట్ల చిల్లర దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాత పెరిగిన ఊళ్ళకు ఏం చెబుతారు? ధాతు కరువుకు ముందు ఒక లెక్క, వెనక ఒక లెక్క ఉన్నాయి. ఈ మహమ్మారికి ముందరి లెక్క దాదాపు పదేళ్ళ పాతది, వెనకది లేనే లేదు. ఇప్పుడు 2027 మార్చి 1 నాటికి తేల్చాలని 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు, ఆ డిసెంబరులో 11,718 కోట్లు ఒప్పుకున్నారు. ఫోన్లోనే రాస్తారట, కులం కూడా అడుగుతారట. మళ్ళీ ఫిబ్రవరే. మళ్ళీ సుగ్గి.

2011 ఫిబ్రవరి 28 రాత్రి నా వంతు బస్టాండు. ఇల్లు లేనివాళ్ళను ఆ ఒక్క రాత్రే రాయాలి. తొమ్మిదికి ఒక కుటుంబం మూటల మీద కూర్చుని కనబడింది. ఒళ్ళంతా మిరప ఘాటు, దగ్గర కూర్చుంటే నాకే తుమ్ములు. సుగ్గి నుంచి వస్తున్నారు, ఊరికి ఆఖరి బస్సు కోసం చూస్తున్నారు.

"అక్కడ ఎవరైనా వచ్చి మిమ్మల్ని రాసుకున్నారా?"

"చేనుకాడికి ఎవురొస్తారమ్మా?"

ఇల్లుంది కాబట్టి నా కాగితంలో రాయకూడదు. అర్ధరాత్రిలోపు ఊరు చేరితే ఊరి లెక్కలోకి రావాలి. ఆ ఊరి బ్లాకు చూసే సారుకు ఫోన్ చేశాను. ఫారాలు కట్ట కట్టేసి పడుకున్నాడు. "ఎల్లుండి రివిజన్‌కు పోతా కదా మేడమ్, చూస్తాలే" అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కారు.

అయిదో తారీకు నాడు కలిశాడు. పోయాడట. "నలుగురన్నారు మీరు, అయిదుగురున్నారు" అన్నాడు. మూటల మధ్య చీరలో చుట్టిన బిడ్డను బస్టాండు చీకట్లో నేను చూడనే లేదు. పుట్టి మూడు వారాలు, గుంటూరు చేలోనే పుట్టింది. పేరింకా పెట్టలేదు.

"మరి పేరు గడిలో ఏం రాశారు?"

"పాప అని రాసినా."