తెర మీద మరక

2002లో చిక్కడపల్లిలో ఒక చిన్న డీటీపీ షాపులో పనిచేసేవాణ్ణి. పగలు కాలేజీ, సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, ప్రాజెక్ట్ రిపోర్టులు. ఎప్పుడైనా ఒక కవితా సంపుటి వస్తే ఆ రోజు నాకు పండగే. నా బల్ల మీద పదిహేడు అంగుళాల పాత మానిటర్ ఉండేది. వెనక్కి పొడుచుకొచ్చి సగం బల్లని అదే తినేసేది.

ఆ వానాకాలంలో రిటైరైన లెక్కల మాస్టారొకాయన తన మొదటి పుస్తకం పట్టుకొచ్చారు. 500 కాపీలు. డబ్బు ఆయనదే. ముఖచిత్రానికి వాళ్ల ఊరి చెరువు ఫోటో ఇచ్చారు. తెల్లవారుజాము, నీళ్ల మీద పొగమంచు, పైన బూడిద తెలుపు ఆకాశం. స్కాన్ చేసి తెర మీద పెడితే ఎడమ అంచున ఆకాశం ఊదారంగులోకి తిరిగింది. స్కానర్ పాడుచేసిందనుకున్నాను. ఆ భాగాన్ని సెలెక్ట్ చేసి, మెజెంటా తగ్గించి, అతుకు కనపడకుండా కలిపేశాను. గంట పట్టింది. ఆకాశం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒకే రంగుకి వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

పుస్తకాలు వచ్చాయి. ఎడమవైపు ఆకాశమంతా పచ్చగా ఉంది. మాస్టారు ఒక కాపీ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, "ఆకాశానికి పాచి పట్టిందేంటి బాబూ?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. మా ఓనరు ప్రెస్సు అతన్ని పిలిపించి నానా మాటలూ అన్నాడు. ఫైల్లో ఉన్నదే వచ్చిందని అతను మొత్తుకున్నా వినలేదు. బిల్లులో సగం కోసేశాడు. మళ్లీ అచ్చు వేయించుకునే స్తోమత మాస్టారికి లేదు. ఆ కాపీలే ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు.

మూడ్రోజుల తర్వాత పక్క సిస్టమ్ బాగుచెయ్యడానికి కోఠీ గుజరాతీ గల్లీ నుంచి మెకానిక్ అన్న వచ్చాడు. నా బల్ల దాటిపోతూ ఆగాడు.

"తమ్మీ, గా మూలకు ఊదా ఎందుకున్నది?"

"స్కానింగ్‌లో వచ్చిందన్నా."

"ఏ బొమ్మ వెట్టినా వస్తదా?"

నేనెప్పుడూ చూడలేదు. అన్న ఫైళ్లన్నీ మూసేసి ఖాళీ తెల్ల పేజీ తెరిచాడు. ఊదా మరక అక్కడే ఉంది. ఆ విండోని చిన్నది చేసి అటూ ఇటూ లాగాడు. పేజీ కదిలింది, మరక కదల్లేదు. బల్ల ఎడమ చివర నేను నెల కిందట కొనుక్కున్న స్పీకర్ ఉంది. దాన్ని తీసి కింద పెట్టాడు. మరక పలచబడింది గానీ పూర్తిగా పోలేదు. అప్పుడు మానిటర్ మెనూలోకి వెళ్లి ఒక బటన్ నొక్కాడు. లోపలి నుంచి 'థమ్' అని ఒక శబ్దం. బావిలో రాయి వేసినట్టు తెరంతా వణికింది. రంగులు ఒకసారి సుడి తిరిగి సర్దుకున్నాయి. తెల్ల పేజీ తెల్లగా ఉంది.

"రోగం తెరకున్నది. నువ్వు మందు బొమ్మకేసినవ్," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ 'థమ్' నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. అదేమిటో తెలుసుకుందామని మొదలుపెడితే, దారి న్యూజెర్సీ ప్రయోగశాల మీదుగా రెండో ప్రపంచ యుద్ధం దాకా వెళ్లింది.

మానిటర్ వెనక గొట్టంలో మూడు ఎలక్ట్రాన్ గన్‌లుంటాయి. ఎరుపుకి ఒకటి, ఆకుపచ్చకి ఒకటి, నీలానికి ఒకటి. అయితే ఎలక్ట్రాన్‌కి రంగుండదు. రంగు ఉన్నది తెర లోపలి గోడకి పూసిన ఫాస్ఫర్ చుక్కల్లో. ఎరుపు గన్ నుంచి వచ్చినవి ఎరుపు చుక్కలకే తగలాలి, పక్క చుక్క మీద పడకూడదు. ఎలా? అమెరికాలో ఆర్‌సీఏ కంపెనీ ఇంజనీర్లు 1950లో ప్రదర్శించిన రంగుల గొట్టంలో దీనికి జవాబుంది. తెరకి కాస్త వెనగ్గా ఒక పల్చని లోహపు జల్లెడ పెట్టారు. దాని పేరు షాడో మాస్క్. లక్షకు పైగా సన్నటి రంధ్రాలు. మూడు గన్‌లూ కొద్ది కొద్ది కోణం తేడాతో ఒకే రంధ్రంలోంచి కొడతాయి కాబట్టి మూడు వేర్వేరు చుక్కలకి తగులుతాయి. మిగతా చుక్కలు జల్లెడ నీడలో దాక్కుంటాయి. పేరులో నీడ ఉన్నది అందుకే.

మరి జల్లెడ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా చుక్కలు పెట్టడం ఎలా? ఆర్‌సీఏలోనే హెరాల్డ్ లా అనే ఇంజనీరు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి వస్తాయో సరిగ్గా అక్కడ ఒక దీపం పెట్టి, ఆ జల్లెడ గుండానే తెర మీదకి వెలుగు పంపి, ఫోటో అచ్చు వేసినట్టు చుక్కలు వేశారు. అంటే ప్రతి తెరా దాని జల్లెడ వేసిన ఫోటోనే. ఒక గొట్టం జల్లెడ ఇంకో గొట్టానికి పనికిరాదు. 1954లో ఆర్‌సీఏ అమ్మిన మొదటి రంగుల టీవీ ధర 1000 డాలర్లు. నలభై ఎనిమిదేళ్ల తర్వాత నా బల్ల మీదున్న మానిటర్‌లోనూ అదే జల్లెడ. చుక్కల మధ్య దూరం మాత్రం 0.28 మిల్లీమీటర్లకి తగ్గింది.

తిరకాసంతా ఇక్కడే. ఆ దీపం వెలుగు అయస్కాంతానికి వంగదు. ఎలక్ట్రాన్ వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా చాలు, ఎరుపుది పోయి నీలం మీద పడుతుంది. పైగా జల్లెడ ఇనుముది. పక్కన స్పీకర్ అయస్కాంతం కొన్నాళ్లుంటే ఆ ఇనుమూ అయస్కాంతంలా తయారవుతుంది. అందుకే స్పీకర్ తీసేసినా మరక పూర్తిగా పోలేదు. తీసేసిన వస్తువుని ఆ జల్లెడ గుర్తు పెట్టుకుంది.

ఆ జ్ఞాపకాన్ని చెరిపేసే బటన్ పేరు డీగాస్. ఈ మాట పుట్టింది టీవీల కోసం కాదు. 1939 నవంబర్‌లో జర్మన్ విమానం జారవిడిచిన ఒక మైన్ లండన్‌కి తూర్పున, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట, షూబరీనెస్ దగ్గర బురదలో పడింది. అప్పటికే బ్రిటిష్ ఓడలు దేనికీ తగలకుండానే పేలిపోతున్నాయి, కారణం రూఢిగా తెలియట్లేదు. నవంబర్ 23న జాన్ ఔవ్రీ అనే నౌకాదళ అధికారి, అది ఏ క్షణాన్నైనా పేలొచ్చని తెలిసీ, బురదలో మోకరిల్లి దాన్ని విప్పాడు. లోపలున్నది అయస్కాంతాన్ని పసిగట్టే పరికరం. ఉక్కు ఓడని ఏళ్ల తరబడి ఒకేచోట సుత్తులతో కొట్టి కడుతున్నప్పుడే భూమి దాన్ని కొద్దిగా అయస్కాంతంగా మార్చేస్తుంది. ఓడ పైనుంచి వెళ్తే ఆ తేడాకి మైన్ పేలుతుంది.

మందు వెంటనే దొరికింది. ఓడ చుట్టూ రాగి కేబుల్ చుట్టి, ఓడ అయస్కాంతానికి ఎదురు దిశలో కరెంటు పంపడం. ఈ పనిలో ముందున్న చార్ల్స్ గుడీవ్ కెనడాలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త. అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణానికి కార్ల్ ఫ్రీడ్రిక్ గాస్ అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త పేరే ఉంది. జర్మన్ మైన్ మీద గెలవడానికి ఆ జర్మన్ పేరుకే ముందు ఒక 'డీ' తగిలించి గుడీవ్ 'డీగాసింగ్' అన్నాడు.

ఓడలోనూ మానిటర్‌లోనూ పేరు ఒకటే గానీ పని కొంచెం వేరు. ఓడ చుట్టూ కేబుల్‌లో కరెంటు నిలకడగా ప్రవహిస్తూ ఉండాలి. అది అయస్కాంతాన్ని కప్పిపెడుతుంది. మానిటర్‌లో కావలసింది కప్పిపెట్టడం కాదు, చెరపడం. అందుకే గొట్టం చుట్టూ ఉన్న తీగచుట్టలోకి సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే మామూలు ఇంటి కరెంటు పంపుతారు. జల్లెడని అది అటొకసారి ఇటొకసారి గట్టిగా లాగుతుంది, లాగుడు మెల్లమెల్లగా తగ్గి ఆగుతుంది. ఉయ్యాల తనంతట తాను మధ్యకొచ్చి ఆగినట్టు. ఆ తగ్గించే పని చేసేది వేడెక్కేకొద్దీ కరెంటుని అడ్డుకునే ఒక చిన్న బిళ్ల. నెట్ కేఫుల్లో ఆ బటన్ వరసగా నొక్కి ఆడుకున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది: రెండోసారి 'థమ్' అంత గట్టిగా రాదు. ఆ బిళ్ల ఇంకా చల్లారలేదు, అంతే.

ఓడలకి శత్రువైన భూమే మానిటర్‌కీ శత్రువు. ఇనుప బీరువాలూ స్పీకర్లూ ఏవీ లేని గదిలో కూడా భూమి అయస్కాంతం ఉంటుంది. తూర్పు ముఖంగా ఉన్న మానిటర్‌ని ఉత్తరానికి తిప్పితే అంచుల్లో రంగు మారడం అందుకే. తిప్పిన ప్రతిసారీ డీగాస్ చెయ్యాలని అనేది కూడా అందుకే. లండన్‌లో స్వేచ్ఛగా వేలాడదీసిన అయస్కాంత సూది ముక్కు బాగా కిందికి వాలుతుంది. ఆస్ట్రేలియాలో పైకి లేస్తుంది. మన దక్షిణాదిలో దాదాపు నేలకి సమాంతరంగా ఉంటుంది. తిరువనంతపురం పక్కన తుంబా మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది గనకే, 1963లో మన మొదటి రాకెట్ ప్రయోగానికి ఆ ఊరిని ఎంచుకున్నారు. మానిటర్ కంపెనీలకీ ఈ సంగతి తెలుసు. ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి, భూమధ్యరేఖ ప్రాంతాలకి ఒకటి, ఇలా వేర్వేరుగా సరిచేసి పంపేవి. లండన్ నుంచి సిడ్నీకి మానిటర్ మోసుకెళ్తే అక్కడ రంగులు తేడా కొట్టొచ్చు. వస్తువు చెడిపోలేదు, ఊరు మారింది.

రంగు తేడాలన్నీ అయస్కాంతం పుణ్యమే కాదు. మరక ఒక మూలకే ఉంటే అయస్కాంతాన్ని అనుమానించాలి. తెరంతా ఒకే రంగులోకి తిరిగితే కేబుల్ చూడాలి. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ ప్లగ్గుకి మూడు వరసల్లో పదిహేను సూదులు. మొదటి మూడూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం. తెల్ల పేజీ పసుపైతే నీలం సూది వంగినట్టు. మెజెంటా అయితే ఆకుపచ్చ పోయినట్టు. ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగైతే ఎరుపు లేనట్టు. రంగు ఒకసారి పోయి, పక్కన తడితే మళ్లీ వస్తే లోపల ఎక్కడో టంకం వదిలినట్టు. 1968లో సోనీ తెచ్చిన ట్రినిట్రాన్‌లో జల్లెడ బదులు నిలువు లోహపు పోగులుండేవి. అవి ఊగకుండా అడ్డంగా కట్టిన సన్నటి తీగ నీడ తెల్ల పేజీ మీద గీతలా కనపడేది. కొత్త మానిటర్ పగిలిందనుకుని వాపసు తెచ్చినవాళ్లున్నారు. అది అసలు లోపమే కాదు.

ఇవన్నీ చదివాక అన్న ఆ రోజు చేసిన పని ఎంత క్రమంగా ఉందో అర్థమైంది. ఖాళీ పేజీ పెట్టడం: బొమ్మని పక్కన పెట్టి చూడటం. విండో కదపడం: మరక దేన్ని అంటుకుని ఉందో తేల్చుకోవడం. స్పీకర్ తియ్యడం: కారణం తీసేసి చూడటం. చివరికి గానీ బటన్ ముట్టుకోలేదు. నేను చేసింది దీనికి సరిగ్గా తలకిందులు. కనపడిన చోటే తప్పుందనుకుని దిద్దాను. వంకర కళ్లజోడు పెట్టుకుని తిన్నటి గీతని సరిచేశాను. తెర మీది మరకైతే అర సెకనులో పోయింది. నా దిద్దుబాటు మాత్రం 500 కాపీల మీద అచ్చై కూర్చుంది.

మా ఓనరు చేసిందీ అదే. తప్పు ప్రెస్సు దగ్గర కనపడింది, కాబట్టి తప్పు ప్రెస్సుదే. అన్న వచ్చి వెళ్లిన సాయంత్రం నాకు అసలు సంగతి తెలిసింది. ఓనరు గల్లాపెట్టె ముందే కూర్చుని ఉన్నాడు. చెప్పాలంటే నాలుగడుగులు వెయ్యాలి. ఉద్యోగం పోతుందని భయమేసి చెప్పలేదు. నెల తిరిగాక చెబుదామనుకున్నాను. అప్పటికి ఆ ప్రెస్సు అతను మా షాపు పనులు తీసుకోవడం మానేశాడు. కోసేసిన ఆ సగం బిల్లు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

మాస్టారి పుస్తకం కాపీ ఒకటి ఇప్పటికీ నా దగ్గరుంది. మొన్న ఇల్లు మారుతున్నప్పుడు బయటపడింది. కవితలు బాగున్నాయి, అప్పుడు సరిగ్గా చదవలేదు. ముఖచిత్రం ఎడమ అంచున ఆ పచ్చ అలాగే ఉంది. ఆ మానిటర్ ఏ తుక్కు కొట్టుకి పోయిందో, స్పీకర్ ఏమైందో తెలియదు. ఆ స్పీకర్ ఎక్కడుండేదో, ఎంత దూరం దాకా లాగిందో ఆ అట్ట మీద కొలిచి చెప్పొచ్చు. ప్రెస్సు అతను చెప్పింది నిజమే. ఫైల్లో ఉన్నదే వచ్చింది.