కీత్ పార్క్ దళాల్లో మన హైదరాబాద్, మన మద్రాసు

ఆక్లండ్‌లో మోటాట్ అనే మ్యూజియం ఉంది. పాత ట్రాములు, రైలింజన్లు, విమానాలు అన్నీ అక్కడ ఉంటాయి. విమానాలు మాత్రం మియోలా రోడ్డు వైపు వేరే పెద్ద షెడ్డులో ఉంటాయి. ఒకప్పుడు పసిఫిక్ దీవుల మధ్య ప్రయాణికులను తిప్పిన 'అరనుయి' అనే సోలెంట్ నీటి విమానం, 1964లో ఫ్రాన్స్ బహుమతిగా ఇచ్చిన లాంకాస్టర్ బాంబర్ అక్కడే ఉన్నాయి. విమానాల పిచ్చి ఉన్న పెద్దవాళ్ళు చాలామంది అక్కడికి వస్తారు. ఇంజన్ చప్పుడు వింటే చాలు, అది ఏ విమానమో చెప్పేస్తారు. నాకూ ఆ పిచ్చి ఉంది కానీ ఇంకా అంత ముదరలేదు.

ఒక ఆదివారం లాంకాస్టర్ రెక్క కింద ఒక ముసలాయన నన్ను మీవాళ్ళది ఏ ఊరు అని అడిగారు. హైదరాబాద్ దగ్గర అన్నాను. మామూలుగా ఇక్కడ ఆ మాట అంటే వెంటనే బిర్యానీ గురించి మాట్లాడతారు. ఈయన మాత్రం "ఓ, 253 స్క్వాడ్రన్!" అన్నారు. నాకు ఏమీ అర్థం కాలేదు. ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టాను. ఈ పోస్టు అలా పుట్టింది.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. స్క్వాడ్రన్‌ను తెలుగులో ఏమంటారు? నిఘంటువులో 'దళం' అని ఉంది. మంచి చిన్న మాట కదా అని మురిసిపోయి, సూర్యాపేటలో ఉన్న మా అమ్మమ్మకు ఫోన్ చేశాను. "అమ్మమ్మా, ఇంగ్లండ్‌లో హైదరాబాద్ దళం ఉండేదట" అన్నాను. అమ్మమ్మ ఒక్క క్షణం ఆగి, "ఏ దళం బిడ్డా? సంఘపోళ్ళదా?" అంది. నాలాగే పుస్తకాల్లో తెలుగు నేర్చుకుంటున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. నల్గొండ, సూర్యాపేట వైపు పెద్దవాళ్ళకు దళం అంటే 1946 నుంచి 1951 దాకా నిజాం మీద, దొరల మీద, ఆ తర్వాత భారత సైన్యం మీద తుపాకులు పట్టిన దళం. నేను చెబుతున్నది నిజాం తరఫు దళం గురించి. ఒకే మాట, కానీ రెండు వైపులు.

సరే, ఆ దళాల కథ. అవి ఒకటి కాదు, మూడు.

మొదటిది 110. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ దళానికి కావలసిన విమానాలను బ్రిటిష్‌వాళ్ళకు బహుమతిగా ఇచ్చాడు. అవి డీహెచ్ 9ఏ రకం, ఇద్దరు కూర్చునే బాంబర్లు. ఒక్కొక్క విమానం మీద ఇది హైదరాబాద్ నిజాం గారి బహుమతి అని రాసి, ఒక నంబరు వేశారు. అందుకే దళం పేరు 110 (హైదరాబాద్) అయింది. దాని చిహ్నంలో పులి ఉంటుంది. ఆ పేరు యుద్ధంతో పోలేదు. 1939 సెప్టెంబర్ 4న, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ ఓడల మీదికి మొదటి దాడికి వెళ్ళినవాటిలో ఈ దళం బ్లెన్‌హైమ్ విమానాలు ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో 152 (హైదరాబాద్), 253 (హైదరాబాద్ స్టేట్) అనే మరో రెండు దళాలు వచ్చాయి. 152కి స్పిట్‌ఫైర్లు, 253కి హరికేన్లు. 152 చిహ్నం చూస్తే నాకు నవ్వు వచ్చింది. అందులో డేగ లేదు, పిడుగు లేదు, కత్తి లేదు. నిజాం తలపాగా ఉంది! కింద 'నమ్మకమైన మిత్రుడు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంది. అది బ్రిటిష్‌వాళ్ళు నిజాంకు ఇచ్చిన బిరుదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఇరవై ఏళ్ళ ఇంగ్లీషు కుర్రాళ్ళు నిజాం తలపాగా గుర్తుతో జర్మన్లతో పోరాడారు.

మా నాన్నవాళ్ళది బాపట్ల. "హైదరాబాద్‌కేనా, మాకేం లేదా?" అని నాన్న అడిగారు. ఉంది నాన్నా. 264 (మద్రాసు ప్రెసిడెన్సీ) దళం. అప్పుడు కోస్తా జిల్లాలు, రాయలసీమ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి కదా. మద్రాసు ఇచ్చిన యుద్ధనిధికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. పాపం, ఆ దళానికి వచ్చిన విమానం మాత్రం మంచిది కాదు. దాని పేరు డిఫయంట్. పైలట్‌కు ఎదురుగా కాల్చడానికి తుపాకులే లేవు. నాలుగు తుపాకులూ వెనక తిరిగే గదిలో గన్నర్ దగ్గర ఉంటాయి. శత్రువు ఎదురుగా వచ్చినా, కడుపు కింద నుంచి వచ్చినా ఏమీ చేయలేరు. 1940 ఆగస్టు చివర్లో కొద్ది రోజుల్లోనే ఈ దళం ఎంతగా దెబ్బ తిన్నదంటే, పగటి యుద్ధం నుంచి వెనక్కి పిలిపించి రాత్రి పనికి పెట్టారు. న్యూజిలాండ్ నుంచి వెళ్ళిన గన్నర్లు కూడా ఈ దళంలో ఉన్నారు.

ఇప్పుడు ఆక్లండ్‌కు వస్తాను.

మోటాట్ మియోలా రోడ్డు స్థలానికి ఒకప్పుడు సర్ కీత్ పార్క్ స్మారక ఎయిర్‌ఫీల్డ్ అని పేరు పెట్టారు. పార్క్ 1892లో ఇక్కడి థేమ్స్ ఊళ్ళో పుట్టారు. ఆక్లండ్ నుంచి కారులో ఒకటిన్నర గంట దూరం. కుర్రాడిగా ఓడల కంపెనీలో గుమాస్తాగా చేరి, ఫిరంగి దళంలో గల్లిపోలి వెళ్ళి, తర్వాత ఫ్రాన్స్‌లో గాయపడి, 1917లో పైలట్ అయ్యారు. 1940లో లండన్‌నూ ఇంగ్లండ్ ఆగ్నేయ భాగాన్నీ కాపాడే 11 గ్రూప్‌కు అధిపతి ఆయనే. జర్మన్ విమానాలు ఎక్కువగా వచ్చింది ఆ వైపే. ఏ దళాన్ని ఎప్పుడు లేపాలి, ఎన్ని విమానాలు పంపాలి, ఎన్ని దాచుకోవాలి అన్నది రోజూ, గంట గంటకూ ఆయన నిర్ణయించాలి. తన సొంత హరికేన్ వేసుకుని తెల్ల ఓవరాల్‌తో ఎయిర్‌ఫీల్డులన్నీ తిరిగేవారు.

మద్రాసు దళం హార్న్‌చర్చ్ నుంచి ఎగిరినప్పుడు అది పార్క్ కిందే ఉంది. 253 హైదరాబాద్ దళం 1940 ఆగస్టు 29న కెన్లీకి వచ్చింది. అదీ పార్క్ కిందే. అంటే తెలుగు నేలకు రెండు వైపుల పేర్లు పెట్టుకున్న దళాలు ఒకే వేసవిలో ఒక థేమ్స్ కుర్రాడి ఆజ్ఞతో గాలిలోకి లేచాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా రెండు ఊళ్ళు ఒకే గదిలో కూర్చున్నట్టు అనిపించింది.

కెన్లీకి వచ్చిన మర్నాడే 253కి కష్టాలు మొదలయ్యాయి. ఆగస్టు 30న కొలిన్ ఫ్రాన్సిస్ అనే 19 ఏళ్ళ పైలట్ విమానం కూలింది. ఇక్కడ కాస్త వ్యాకరణం. 'కూలింది' అంటే అదే పడిపోయింది, 'కూల్చారు' అంటే ఎవరో పడగొట్టారు. కాబట్టి నేను 'కూల్చారు' అని రాయాలి. ఆ అబ్బాయి దొరకలేదు. కెంట్ పొలాల్లో భూమి లోపల ఆ విమానం, అందులో అతను, 1981లో గానీ బయటపడలేదు.

ఆగస్టు 31న దళనాయకుడు హెరాల్డ్ స్టార్ చనిపోయాడు. అదే రోజు, అంతకుముందు దళాన్ని నడిపిన టామ్ గ్లీవ్ విమానానికి నిప్పంటుకుంది. అతను పారాషూట్‌తో దూకాడు గానీ ముఖం, చేతులు, కాళ్ళు బాగా కాలిపోయాయి. గ్లీవ్ చివరికి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రికి చేరాడు. అక్కడి డాక్టర్ ఆర్చిబాల్డ్ మెకిండో. ఆయన ఎవరో తెలుసా? మన డునెడిన్‌లో పుట్టినవాడు!

మెకిండో గురించి వేరే పోస్టే రాయాలి. సముద్రంలో పడిన పైలట్ల గాయాలు మిగతావాళ్ళ గాయాల కంటే బాగా మానుతున్నాయని గమనించి, కాలినవాళ్ళను ఉప్పునీటి తొట్లలో స్నానం చేయించారు. ఊళ్ళోవాళ్ళతో మాట్లాడి, ఈ కుర్రాళ్ళు వీధిలోకి వస్తే చూపు తిప్పుకోకండి, గుచ్చి గుచ్చి చూడకండి అని ఒప్పించారు. ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళు 1941లో తమకు తామే 'గినీ పిగ్ క్లబ్' అని పేరు పెట్టుకున్నారు. వైద్య ప్రయోగాలకు వాడే చిన్న జంతువు పేరు అది. దానికి 'చీఫ్ గినీ పిగ్' హైదరాబాద్ దళం గ్లీవ్. మళ్ళీ విధుల్లో చేరాడు, 1993 దాకా బతికాడు.

పార్క్‌ను ఆ ఏడాది డిసెంబర్‌లోనే 11 గ్రూప్ నుంచి తీసేశారు. పెద్ద పెద్ద గుంపులుగా వెళ్ళాలనే లీ-మాలరీ వర్గంతో ఆయనకు పడలేదు. తర్వాత మాల్టాను కాపాడారు. 1944లో ఆగ్నేయాసియా వైమానిక దళాలకు అధిపతిగా లీ-మాలరీని నియమిస్తే, ఆయన వెళ్తున్న విమానం కూలిపోయింది. (ఇక్కడ 'కూలింది' సరిపోతుంది.) ఆ పదవి పార్క్‌కు వచ్చింది. అప్పుడు బర్మాలో ఎవరున్నారు? 110 హైదరాబాద్ దళం, మస్కిటో విమానాలతో. 152 హైదరాబాద్ దళం, స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకుని. మొత్తం మీద మూడు హైదరాబాద్ దళాలూ ఎప్పుడో ఒకప్పుడు పార్క్ కింద పనిచేశాయి.

ఇదంతా గర్వంగా అమ్మమ్మకు చెప్పాను. అమ్మమ్మ అంతా విన్నది. "గా విమానాలు నిజాం కొనిచ్చిండా?" అంది. అవునన్నాను. "నిజాం తాన పైసలెక్కడివి బిడ్డా? మా నాయన లెవీ ధాన్యం పెట్టలేక ఎడ్లనమ్మిండు" అంది.

నా దగ్గర జవాబు లేదు. లెవీ ధాన్యంతో విమానాలు కొన్నారని నేను అనడం లేదు. 1918 విమానాలకూ, 1940ల లెవీకీ మధ్య పాతికేళ్ళున్నాయి. కానీ అమ్మమ్మ ప్రశ్న లెక్కల పుస్తకం గురించి కాదు. అది రాష్ట్ర ఖజానా అయినా, సర్ఫ్-ఎ-ఖాస్ అనే నిజాం సొంత భూముల ఆదాయం అయినా, చివరికి వచ్చేది శిస్తు నుంచే. శిస్తు కట్టేది రైతు. నేను పై పేరాల్లో నిజాం 'ఇచ్చాడు' అని రాశాను. దాన్ని మార్చలేదు, ఎందుకంటే ఆ మాట ఎంత సులువుగా వస్తుందో మీరూ చూడాలి.

ఇక్కడివాళ్ళు కూడా ఇలాంటి బహుమతే ఇచ్చారు. 1909లో న్యూజిలాండ్ ప్రధాని జోసెఫ్ వార్డ్ బ్రిటన్‌కు ఒక యుద్ధనౌక కొనిస్తామన్నారు. దాని ఖర్చు సుమారు 17 లక్షల పౌండ్లు, నౌక పేరు 'న్యూజిలాండ్'. యుద్ధంలో ఆ నౌక కెప్టెన్ అదృష్టం కోసం మావోరీలు ఇచ్చిన పియుపియు నడుముకు కట్టుకునేవాడు. 1920లలో నౌకను తుక్కు కింద విరగ్గొట్టారు. అప్పు మాత్రం 1944-45 దాకా తీరలేదు! లేని ఓడకు ఇరవై ఏళ్ళు వాయిదాలు కట్టారు. ఇక్కడ కనీసం పార్లమెంటు ఉంది, పేపర్లలో తిట్టుకున్నారు, ఎన్నికల్లో ఓటు వేశారు. సూర్యాపేట వైపు రైతును ఎవరూ అడగలేదు. అడగకపోవడం వల్లే ఆ రెండో రకం దళం పుట్టింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకీకి బలయ్యాక అది ఊరూరా పాకింది. అప్పటికి పార్క్ పదవీ విరమణకు దగ్గర పడ్డారు. తర్వాత ఆక్లండ్ వచ్చి స్థిరపడి, నగర కౌన్సిలర్ అయ్యి, విమానాశ్రయం కమిటీకి అధ్యక్షుడిగా పనిచేసి 1975లో చనిపోయారు. అమ్మమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు దిగింది ఆ విమానాశ్రయంలోనే.

నిజాం విమానాల్లో ఒకటి ఇంకా ఉంది. దాని నంబరు ఎఫ్ 1010, మీద 'హైదరాబాద్ నంబర్ 12ఏ' అని ఉంటుంది. 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికి వెళ్ళి శత్రువు నేల మీదే దిగిపోయింది. జర్మన్లు దాన్ని తర్వాత బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే పోలండ్‌కు తరలించారు. యుద్ధం అయ్యాక క్రాకోవ్‌లో ఉండిపోయింది. 1977లో బ్రిటిష్‌వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. ఇప్పుడు లండన్‌లోని ఆర్ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. మోటాట్ ముసలాయన దాన్ని రెండుసార్లు చూశారట. నేను ఇంకా చూడలేదు.

ఆ ఫోటో అమ్మమ్మకు వాట్సాప్‌లో పంపాను. సాయంత్రం ఫోన్ చేసింది.

"చూసిన బిడ్డా. మంచిగనే ఉన్నది. గది ఇంక ఎగురుతదా?"

"ఎగరదు అమ్మమ్మా. మ్యూజియంలో ఉంది."

"మరి మనకియ్యరా?"

"అడగాలి" అన్నాను.